పద్దెనిమిదికి ఎందుకంత బరువు

మా వంటింట్లో ఉప్పు డబ్బా మీద పదకొండు అని రాసి ఉంటుంది. ఇనప దోసెపెనాన్ని మా ఆయన ఇరవై ఆరు అంటారు. రాగి చెంబు ఇరవై తొమ్మిది, అల్యూమినియం గిన్నె పదమూడు. "పుష్పా, ఇరవై ఆరు పొయ్యి మీద పెట్టు" అన్నారంటే దోసె పోయమని అర్థం. పెళ్లయిన కొత్తలో ఇదంతా ముద్దుగానే ఉండేది. చుట్టాలకు చెప్పి మురిసిపోయేదాన్ని కూడా. ఇప్పుడు ఒళ్లు మండుతుంది. ఉప్పులో సోడియం ఒక్కటే ఉందా, క్లోరిన్ లేదా, దాని నంబరెందుకు రాయలేదని ఒకసారి నిలదీశాను. డబ్బా మీద చోటు చాల్లేదన్నారు.

ఆయన పేరు గోపాలస్వామి. మదరాసు సౌకార్‌పేటలో నెయ్యి కొట్ల సందులో, ఒక కొట్టు పైన మేడ మీద మా కాపురం. వాళ్ల పెద్దలు ఈ ఊరికి ఎప్పుడొచ్చారో చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బజారుకు పోతే వచ్చీరాని హిందీ, అలా గడిచిపోతోంది. రిటైరయ్యేదాకా బడిలో కెమిస్ట్రీ సారు, ఆ తర్వాత ఇంట్లోనే ప్లస్ ఒన్, ప్లస్ టూ పిల్లలకు ట్యూషను. బడిలో ఉన్నప్పుడు కూడా సాయంత్రాలు ట్యూషనే. లోపలి గదిలో ఆయన పాఠం, ముందు గదిలో నా కుట్టుమిషను. మధ్యలో ఒక కర్టెను. నా మిషను చప్పుడుకు ఆయన విసుక్కుంటారు, ఆయన అరుపులకు నా దారం తెగుతుంది. ముప్ఫై ఏళ్లు ఇదే వరస.

అన్నేళ్లు ఆ కర్టెను పక్కన బ్లౌజులు కుడితే ఎవరికైనా కాస్త అబ్బుతుంది. నాకూ అబ్బింది. ప్రతి మూలకానికీ ఒక నంబరు ఉంటుంది. దాని పరమాణువు నడిబొడ్డున ఎన్ని ప్రోటాన్లు ఉంటే అదే దాని నంబరు. హైడ్రోజన్‌కు ఒకటి, హీలియంకు రెండు, అలా ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవడమే. మధ్యలో ఖాళీ ఉండదు, ఒక నంబరు ఇద్దరికి ఉండదు. ప్రోటాన్లతో పాటు న్యూట్రాన్లని ఇంకో రకం ఉంటాయి. అవి బరువు పెంచుతాయి గానీ నంబరులో లెక్కకు రావు. పూర్వం ఈ ప్రోటాన్ల సంగతి తెలియక మూలకాలను బరువును బట్టి వరసలో నిలబెట్టారు. చాలా వరకు సరిపోయింది, కొన్నిచోట్ల బెడిసికొట్టింది. పద్దెనిమిదో నంబరు ఆర్గాన్ అనే వాయువు. పంతొమ్మిది పొటాషియం. నంబరు పెరిగితే బరువూ పెరగాలి కదా. ఇక్కడ పెరగదు. ఆర్గాన్ బరువు దాదాపు నలభై, పొటాషియంది ముప్ఫై తొమ్మిది.

పాఠ్యపుస్తకంలో ఇలాంటివాటికి అసంగత జంట అని పేరు. బరువును వదిలేసి నంబరు ప్రకారం నిలబెడితే ఆ చిక్కు తీరిపోయిందని రాస్తే రెండు మార్కులు. ఆ జవాబు పిల్లలందరికీ నోటికి వచ్చు. మా ఆయన కడుపుమంట అదే. వరస మార్చారు, చిక్కు తీరింది, బాగుంది. అసలు ఆర్గాన్ ఎందుకంత బరువుగా ఉంది? అది పరీక్ష పోర్షన్‌లో, అదే సిలబస్‌లో, లేని సంగతి. ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఆయన ముప్ఫై ఏళ్లుగా కాచుకుని కూర్చున్నారు. అడిగితే చెబుతారు. అడక్కపోతే చచ్చినా చెప్పరు. "అడగనోడికి చెప్తే అది ఇంకో రెండు మార్కుల జవాబైపోతాది" అంటారు. నువ్వే చెప్పేసి పుణ్యం కట్టుకోవయ్యా అని నేను మొత్తుకున్నది గోడకు చెప్పినట్టే.

ఎర కూడా వేశారు. సందు చివర సైన్‌బోర్డులు రాసే కోటి చేత పెద్ద గుడ్డ మీద మూలకాల పట్టిక రాయించి గోడకు వేలాడదీశారు. నంబర్లు నల్లరంగులో, బరువులు ఎర్రరంగులో, ఆ గదిలో ఏ మూల కూర్చున్నా కనబడేంత లావున. ప్రతి ఏడాదీ ఆ పాఠం వచ్చినప్పుడు, కర్టెను సందులోంచి చూస్తుంటాను, బెత్తం తీసుకెళ్లి పద్దెనిమిది మీద పెడతారు. తర్వాత పంతొమ్మిది మీద. మళ్లీ పద్దెనిమిది మీద. పెట్టి, పిల్లల వైపు తిరిగి, నోరు మెదపకుండా నిలబడతారు. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఎవడో ఒకడు, "అసంగత జంట సార్, టూ మార్క్" అంటాడు. ఒకసారి ఒక కుర్రాడు చెయ్యెత్తితే ఈయన మొహం చేటంత అయింది. వాడికి కావలసింది బాత్రూముకు పోవడం. అలాంటి రోజుల్లో వంటింట్లోకి వచ్చి ఇరవై తొమ్మిదిలో నీళ్లు గడగడ తాగి, చెంబు ఠక్కున పెట్టేసి వెళ్లిపోతారు. ఆ రాత్రి కూరలో ఉప్పెక్కువైందని గొడవ ఖాయం.

ఇక్కడ మా నంబర్ల గోల కూడా చెప్పాలి. మదరాసులో పుట్టి పెరిగినవాళ్లకైతే చెప్పనక్కర్లేదు. ప్రతి గేటుకూ రెండు నంబర్లు ఉంటాయి, పాతది, కొత్తది. పాతవి ఎవరి ఇష్టమొచ్చినట్టు పెరిగినవి. అన్నదమ్ములు పంచుకుంటే పన్నెండు బై ఒకటి, పన్నెండు బై రెండు. మేడ కడితే పన్నెండు ఏ. తర్వాత కార్పొరేషన్ వాళ్లొచ్చి వీధి మొదట్నించి ఇల్లిల్లూ లెక్కపెట్టి కొత్త నంబర్లు వేశారు. వేసి ఊరుకున్నారు, పాతవి చెరపలేదు. దాంతో ఇప్పుడు సగం ఊరు పాతది చెబుతుంది, సగం ఊరు కొత్తది. ఈ గందరగోళం చూసి సంతోషించిన మనిషి ఊరంతటికీ మా ఆయన ఒక్కరే. పాత నంబరంటే బరువు, కొత్త నంబరంటే ప్రోటాన్లు అని పిల్లలకు పాఠం చెప్పడానికి దొరికింది కదా. అక్కడితో ఆగితే బాగుండేది. కొత్త నంబరే నంబరని పట్టుబట్టి, చిరునామాల్లో పాతది రాయడమే మానేశారు. మాకు రావలసిన ఉత్తరాలు, పెళ్లి పత్రికలు ఎన్ని ఎవరి గుమ్మంలో పడ్డాయో దేవుడికే తెలియాలి.

మా ఇల్లు పాత నలభై ఏడు, కొత్త పద్దెనిమిది. సందు ఆ చివర పాత పద్దెనిమిది ఉంది, అది ప్లాస్టిక్ గాజుల హోల్‌సేల్ కొట్టు. వాళ్లకొచ్చే సరుకంతా ముందు మా మెట్లెక్కుతుంది.

ఈ ఏడు జూన్‌లో వినోదిని అనే పిల్ల చేరింది. వాళ్లది నరసరావుపేట. తండ్రి ఇక్కడ స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో అకౌంటెంటుగా చేరి, కుటుంబాన్ని కొత్తగా తెచ్చుకున్నాడు. తల్లి నా దగ్గర బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చి, లోపల ఇంగ్లీషులో సాగే పాఠం విని, పిల్లను చేర్చింది. వినోదిని తలుపు పక్కనే ఆఖరున కూర్చునేది. వచ్చిందీ వెళ్లిందీ కూడా తెలిసేది కాదు. తమిళం రాదు, మిగతా పిల్లలంతా తమిళంలో మాట్లాడుకుంటారు, ఎవరితో ఏం మాట్లాడుతుంది పాపం.

దసరా సెలవుల్లో ఒక శనివారం పొద్దున్నుంచి కరెంటు లేదు. ఉక్కపోతకు ప్రాణం విలవిల్లాడుతోంది. నాకు సాయంత్రానికి ఒక పెళ్లికూతురు బ్లౌజు ఇవ్వాలి. లోపల ఆయన చెమటలు కక్కుతూ ఆ పట్టిక పాఠమే చెబుతున్నారు. అప్పుడే గాజుల మూట నెత్తిన పెట్టుకుని ఒక కూలీ మా మెట్లెక్కాడు. ఈయన బయటికొచ్చి, ఇది కొత్త పద్దెనిమిది, నీకు కావలసింది పాత పద్దెనిమిది అని వివరించి పంపారు. లోపలికెళ్లి రెండు వాక్యాలు చెప్పేసరికి కొరియర్ కుర్రాడు. అతనికి వివరించడంలో గొంతు పెరిగింది. మూడోవాడు అడగను కూడా అడక్కుండా మూట మా మెట్ల మీద దింపేసి బీడీ వెలిగించాడు. ఈయన వాణ్ణి తిట్టిన తిట్లకు కింద కొట్టువాళ్లు బయటికొచ్చి చూశారు. ఆ ఊపులోనే, రొప్పుతూ గదిలోకి వెళ్లారు.

అప్పుడు వినిపించింది ఆ గొంతు. చాలా సన్నగా ఉంది.

"సార్, వరస మార్చారు, సరే. అసలు ఆర్గాన్ ఎందుకంత బరువుంది సార్?"

మిషను తొక్కుతున్న నా కాలు ఆగిపోయింది.

"పోర్షన్‌లో లేదు. కూర్చో."

అది మా ఆయన గొంతే. ఆ తర్వాత పుస్తకంలో పేజీ తిప్పిన చప్పుడు. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను, ఇప్పుడు వెనక్కి తిరుగుతారు, ఇప్పుడు గుర్తొస్తుంది అని. ఎక్కడ గుర్తొచ్చింది నా మొహం. క్లాసు అయిపోయింది, పిల్లలు చెప్పులేసుకుని దిగిపోయారు. వినోదిని తల దించుకుని నా పక్కనుంచే వెళ్లింది.

మధ్యాహ్నం మజ్జిగన్నం కలుపుకుంటూ ఉండగా ఆయన చెయ్యి ఆగింది.

"పుష్పా, ఆ కడాన కూర్చునే పిల్ల ఏందో అడిగింది గదా. ఏమడిగింది?"

"ఆర్గాన్ ఎందుకంత బరువుంది అని."

"నేనేం జెప్పినా?"

"పోర్షన్‌లో లేదు, కూర్చో అన్నారు."

ఆయన చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. మెతుకులు వేళ్లకు అంటుకుని ఎండిపోయేదాకా లేవలేదు. కోపంగా ఉంటే నేనూ నాలుగు వేసేదాన్ని. అలా కూర్చున్న మనిషిని ఏమనను?

మర్నాడు ఆదివారమైనా ప్రత్యేకంగా క్లాసు పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కొత్త సుద్దముక్కలు తీశారు. బెత్తం పద్దెనిమిది దగ్గర ఆనించి పెట్టారు. పిల్లలందరూ వచ్చారు, ఆ పిల్ల రాలేదు. సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. తలుపు వైపు చూస్తూ పాఠం చెప్పడం, తప్పు రాసినవాణ్ణీ ఒప్పు రాసినవాణ్ణీ కలిపి తిట్టడం, ఇదీ ఆయన పని. ఆ పిల్ల తండ్రి నంబరు నా ఫోనులో ఉంది. మధ్యాహ్నం చేశాను, రాత్రి చేశాను. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు నా నోరు లేచింది. ముప్ఫై ఏళ్లు నా తలకాయ తిన్నారు, వంటింట్లో డబ్బాలన్నిటికీ నంబర్లు కొట్టారు, ఆ ప్రశ్న, ఆ ప్రశ్న అని జపం చేశారు, తీరా అది నడిచొచ్చి గుమ్మంలో నిలబడితే తరిమేశారు, అసలు మీరేం సారు అని దులిపేశాను. మామూలుగా అయితే దానికి రెండింతలు తిరిగొచ్చేది. ఆ రోజు ఆయన కిటికీ దగ్గర నిలబడి మెల్లగా అన్నారు.

"ఇంకోసారి అడగదు పుష్పా ఆ పిల్ల. ఈడనే గాదు, యాడా అడగదు."

ఆ మాటకు నా కోపం చప్పున దిగిపోయింది. రేపు పోయి చెప్పి వద్దాం అన్నాను.

బ్లౌజు ఇచ్చినప్పుడు తల్లి చెప్పిన చిరునామా నాకు గుర్తుంది. ముత్తయ్య నాయుడు వీధి, పంతొమ్మిదో నంబరు. ఎక్కువ దూరం లేదు, ఆ ఇరుకుల్లో ఆటో ఎక్కినా నడిచినా ఒకటే. మర్నాడు మిట్టమధ్యాహ్నం గొడుగు పట్టుకుని బయల్దేరాం. తోపుడు బండ్లు, బట్టల బేళ్లు, మీదమీదకొచ్చే స్కూటర్లు, వీటన్నిటి మధ్య ఆయన వెనక్కి చూడకుండా నడుస్తున్నారు. నేను అరుస్తూ వెనకాల.

కొత్త పంతొమ్మిది చూస్తే జుట్టు క్లిప్పులు అమ్మే హోల్‌సేల్ కొట్టు. కొట్టు యజమాని నాగలింగం గల్లా దగ్గర్నుంచి లేవకుండానే, పైన గోడౌను, ఆంధ్రావాళ్లెవరూ లేరు అని తమిళంలో చెప్పేశాడు. పాత పంతొమ్మిది చూద్దాం రండి అన్నాను. వినలేదు. గోడౌను పక్కన గదేదైనా ఉండొచ్చన్నారు. పైకెక్కి చూశారు. అట్టపెట్టెలున్నాయి. దిగి, వెనకాల వాటా ఏదైనా ఉందేమోనని సందులోకి దూరారు. అక్కడ మరుగుదొడ్డి ఉంది. అటు పక్కింట్లో అడిగారు, ఇటు పక్కింట్లో అడిగారు.

"ఏమండీ, అద్దెకుండేవాళ్లు ఇంటివాళ్లు చెప్పిన నంబరే చెబుతారు. పాతది చూద్దాం" అన్నాను.

"చదువుకునే పిల్ల ఉండే ఇంట్లో పాత నంబరు చెప్తారా? కొత్తదే అయ్యుంటాది" అన్నారు. అని, మళ్లీ నాగలింగం దగ్గరికే వెళ్లారు. ఈసారి అతను ఫ్యాను మా వైపు తిప్పి, కూర్చుని సేదదీరమన్నాడు పాపం. నాకు ఏడుపొచ్చింది. చెప్పు తెగింది. ఎండ మాడుపగలగొడుతోంది. ఆ పిల్ల మనసు ఎక్కడ గట్టిపడిపోతుందో అని ఒకపక్క గుబులు, ఈ మనిషేమో ఇక్కడ ప్రోటాన్లు పట్టుకుని వేలాడుతున్నాడు. మీరు ఈడనే నిలబడి లెక్కపెట్టుకోండి, నేను పోతున్నా అని తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నడిచాను. కాసేపటికి వెనకాల గొడుగు చప్పుడు వినిపించింది.

పాత పంతొమ్మిది వీధి ఆ కొసన ఉంది. గేటు మీద కొత్త నంబరు కనబడకుండా సున్నం కొట్టేసి, పాత పంతొమ్మిదిని పెద్దగా రాయించి, దానికి పసుపూ కుంకుమా పెట్టారు. ఇంటాయన వరదయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మా ఆయన ఈడువాడే. కార్పొరేషన్ వాడెవడో వేసిన నంబరు మాకెందుకు, మా తాత కాలం నుంచి మేం పంతొమ్మిదోళ్లమే, మేడ మీద అద్దెకున్న ఆంధ్రావాళ్లకూ అదే చెప్పాం అన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆ ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టాల్సినవాళ్లు. వాదన మొదలైతే సాయంత్రం దాకా అక్కడే అనుకున్నాను. ఆయన మొహం తుడుచుకుని, మేడ మెట్లు ఎటువైపు అని మాత్రం అడిగారు.

తలుపు తీసింది తల్లి. రండి అక్కా, రండి సార్ అని కంగారుపడిపోయింది. లోపలి గది గుమ్మం దగ్గర వినోదిని కనబడింది, చేతిలో ఫోను. మమ్మల్ని చూసి చటుక్కున వెనక్కి తగ్గింది. లోపల తండ్రి భోంచేసి కునుకు తీస్తున్నాడని తల్లి గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. సారుకు కోపం తెప్పించానని పిల్ల ట్యూషనుకు రానంటోందట. తండ్రి భోజనానికి వచ్చినప్పుడు, పొద్దుపోయి ఇంటికొచ్చాక, ఆ ఫోను తీసుకుని ఏదో చదువుకుంటూనే ఉందట. నేను చేసినప్పుడు ఫోను పిల్ల చేతిలోనే ఉందట గానీ, సారు తిడతారని ఎత్తలేదట. కూర్చోండి సార్ అని ఆవిడ కుర్చీ చూపించింది. ఈయన వినిపించుకోలేదు.

"ఇట్రా అమ్మాయ్" అన్నారు.

ఆ పిల్ల వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఈయన జేబులోంచి సుద్దముక్క తీసి, గుమ్మంలోనే వంగి, ఎర్రటి గచ్చు మీద రాయడం మొదలుపెట్టారు. ఆర్గాన్‌లో ప్రోటాన్లు పద్దెనిమిది. దాంట్లో చాలా మటుకు న్యూట్రాన్లు ఇరవై రెండు ఉండే రకం, మొత్తం నలభై. పొటాషియంలో ప్రోటాన్లు పంతొమ్మిది, చాలా మటుకు న్యూట్రాన్లు ఇరవై, మొత్తం ముప్ఫై తొమ్మిది. నంబరు తక్కువైనా న్యూట్రాన్లు ఎక్కువ కాబట్టి ఆర్గాన్ బరువు. ముప్ఫై ఏళ్లు దాచుకున్న జవాబు. ఒక్క మాట తడబడకుండా, ఒక్కసారి కూడా అరవకుండా చెప్పారు. నాకు కర్టెను అడ్డం లేకుండా ఆయన పాఠం చూడటం అదే మొదలు. చెప్పి, నడుము పట్టుకుని లేచి, ఆ పిల్ల మొహంలోకి చూశారు.

వినోదిని తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది.

"అది చదివాను సార్. మీరు కూర్చోమన్నాక ఆ రాత్రే చదివాను."

ఆయన వేళ్లకంటిన సుద్ద దులుపుకున్నారు.

"కానీ ఆర్గాన్‌కి అన్ని న్యూట్రాన్లు ఎందుకుండాలి అని మళ్లీ చూశాను సార్. అదంతా పొటాషియమే."

ఆ పిల్ల చెయ్యి చాపితే ఆయన సుద్దముక్క ఇచ్చేశారు. ఈసారి ఆ పిల్ల కూర్చుని రాసింది. రాళ్లలో, మట్టిలో ఉండే పొటాషియంలో నలభై బరువున్న రకం ఒకటి ఉంటుందట, రవ్వంత. దాంట్లో ప్రోటాన్లు పంతొమ్మిది, న్యూట్రాన్లు ఇరవై ఒకటి. అందులో కొంత, కోట్ల ఏళ్లలో, ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారిపోయి ఆర్గాన్ అవుతుందట. నంబరు ఒకటి తగ్గుతుంది, బరువు మాత్రం తగ్గదు. మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఆర్గాన్ ఉంటుందట, దాదాపు అంతా అలా వచ్చిందేనట.

"మీరు చెప్పారుగా సార్, డోర్ నంబర్లని. పంతొమ్మిదో ఇంట్లో వాళ్లు కొందరు పద్దెనిమిదికి మారిపోయారు సార్, సామానంతా వేసుకుని. అందుకే పద్దెనిమిది అంత బరువు."

నేను మా ఆయన మొహం చూసి భయపడ్డాను. నల్లబడిపోయింది. గచ్చు మీద తన రాత పక్కన ఆ పిల్ల రాసిన అంకెలు చూస్తున్నారు. కోప్పడతారేమో, దేవుడా, మళ్లీ నోరు జారతారేమో అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నా వైపు తిరిగారు.

"నేనడగలా పుష్పా" అన్నారు. "పిల్లకాయలు అడగలేదు, అడగలేదు అని ఇన్నేళ్లు తిట్టినా. ఆ తర్వాతది నేనూ అడగలా."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ మనిషి మీద నాకు ఎంత కోపముందో అంత జాలి వేసింది. ఉప్పు డబ్బా దగ్గర్నుంచి అన్నిటికీ నంబర్లు వేసుకుంటూ, ఎవరో వచ్చి తలుపు తడతారని కూర్చున్నారు. తను మాత్రం ఏ తలుపూ తట్టలేదు. ఓదార్చడం మా ఇద్దరికీ అలవాటు లేదు.

ఆయన గుమ్మంలో అలాగే నిలబడి తల గోక్కున్నారు, గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. గొంతు సవరించుకున్నారు. మా గదిలో ఆఖరి వరసలో కూర్చునే పిల్లలు ఏదైనా అడగాలనుకుని అడగలేక నసుగుతారు చూడండి, అచ్చం అలాగే.

"అమ్మాయ్, అట్లయితే... ఈ రాళ్లు, మట్టి లేని చోట, సూర్యుడిలో, నక్షత్రాల్లో, ఆడ ఆర్గాన్ బరువెంత ఉంటాది?"

వినోదిని ఆయన్ని కాసేపు చూసింది. అంతసేపూ గోడకు అతుక్కుపోయినట్టున్న పిల్ల మొహంలోకి అప్పుడు నవ్వు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి ఆయన ముందు వేసింది.

"పోర్షన్‌లో లేదు సార్. కూర్చోండి."

ముప్ఫై ఏళ్లలో నేను చూడనిది అప్పుడు చూశాను. ఎదురుమాట లేకుండా ఆయన కూర్చున్నారు.